మోదుగ పువ్వు నుంచి మాస్ట్ కణం దాకా

(ఆచార్య తిరువెంగడం రాజేంద్రం శేషాద్రి స్మృతిలో కొల్లాపూర్‌లో చేసిన ఉపన్యాస పాఠం)



శేషాద్రి గారు ఈ ఊరివారు కారు, ఈ జిల్లావారూ కారు. 1900 ఫిబ్రవరి 3న తమిళనాడులో కావేరి ఒడ్డునున్న కుళిత్తలైలో పుట్టారు. అయినా కొల్లాపూర్‌లో ఆయన్ని తలుచుకోవడానికి తగిన కారణమే ఉంది. 1930ల తొలి సగంలో ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. 1949లో ఢిల్లీ వెళ్లేదాకా అక్కడే రసాయనశాస్త్ర శాఖను నడిపారు. ఆ కాలంలో ఆయన ప్రయోగశాలకు చేరిన పూలు ఏవో చూడండి: పత్తి పువ్వు, పుంటికూర పువ్వు, గోగు పువ్వు, గంగరావి పువ్వు, మోదుగ పువ్వు. వీటిలో మనం ఎరగనిది ఒక్కటీ లేదు. పత్తి మన పొలంలోది, పుంటికూర మన పెరట్లోది. మోదుగ అయితే నల్లమల అంచు పొడవునా ఫాల్గుణ మాసంలో ఆకు రాల్చి ఎర్రగా విరబూసేదే.

ఈ పూల రంగుల వెనక ఉన్న పదార్థాలను ఫ్లేవనాయిడ్లు అంటారు. ఇవి మన ఒంట్లోని రోగనిరోధక కణాల మీద పనిచేసి వాపును తగ్గిస్తాయని పత్రికల్లో చదువుతున్నాం, మందుల షాపుల్లో డబ్బాల మీద చూస్తున్నాం, ఫోన్లలో వింటున్నాం. అందులో నిజమెంత? ఏ మేరకు రుజువైంది? ఎక్కడ ఆగింది? ఈ ఉపన్యాసంలో నేను మాట్లాడబోయేది దాని గురించే.

వాల్తేరులో జరిగిన పని

శేషాద్రి గారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1927లో ఇంగ్లండు వెళ్లి మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేశారు. పూల రంగుల రసాయనంలో ఆనాటికి రాబిన్సన్‌ను మించినవారు లేరు. 1947లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మాంచెస్టర్ చదువు తర్వాత శేషాద్రి ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో ఫ్రిట్జ్ ప్రెగ్ల్ దగ్గర సూక్ష్మ విశ్లేషణ నేర్చుకున్నారు. అంటే మిల్లీగ్రాముల్లో దొరికిన పదార్థంలోనే కర్బనం ఎంత, ఉదజని ఎంత అని లెక్కగట్టే విద్య. ఈ రెండు విద్యలతో ఆయన వాల్తేరు చేరారు.

అప్పటికి అక్కడ ఏముంది? కొత్త విశ్వవిద్యాలయం, చాలీచాలని పరికరాలు. ఇవాళ ఒక పదార్థం నిర్మాణం తేల్చడానికి వాడే ఎన్ఎంఆర్ లాంటి యంత్రాలు ఆనాడు ప్రపంచంలోనే లేవు. కిలోల కొద్దీ పూలను ఆల్కహాల్‌లో నానబెట్టాలి. రంగును స్ఫటికాలుగా రాబట్టాలి. ఆ స్ఫటికాలను క్షారంతో ముక్కలు చేసి, ఆ ముక్కలేమిటో గుర్తుపట్టాలి. ముక్కలను బట్టి మొత్తం ఎలా ఉండి ఉంటుందో ఊహించాలి. చివరికి ఆ ఊహించిన పదార్థాన్ని ప్రయోగశాలలో కొత్తగా తయారుచేసి, పువ్వులోదీ తాము చేసిందీ ఒక్కటేనని చూపాలి. అప్పుడే నిర్మాణం తేలినట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం కొన్నేళ్లపాటు గుంటూరుకు తరలింది. అయినా ఈ పని ఆగలేదు.

నీలకంఠం, సూర్యప్రకాశరావు వంటి శిష్యులతో కలిసి ఆయన పత్తి పూలలోని గాసిపెటిన్, పుంటికూర పూలలోని హైబిసిట్రిన్, గోగు పూలలోని కన్నాబిసిట్రిన్ వంటి పదార్థాల నిర్మాణాలు తేల్చారు. మోదుగ పూలలో బ్యూట్రిన్ అనే పదార్థం ఉందని అప్పటికే తెలుసు. 1940ల మొదట్లో వాల్తేరు బృందం దాని నిర్మాణాన్ని పరిశీలించింది. తర్వాత ఢిల్లీలో ఐసోబ్యూట్రిన్, పలాసిట్రిన్ అనే తోబుట్టువుల సంగతీ తేల్చారు. 1960లో ఆయన లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1963లో పద్మభూషణ్ వచ్చింది. 1975లో కన్నుమూసేనాటికి ఆయన పేరు మీద సుమారు వెయ్యి పరిశోధన పత్రాలున్నాయి.

వాపు గురించీ రోగనిరోధక కణాల గురించీ ఆ పత్రాల్లో వెతకనక్కర్లేదు. ఆయన అడిగిన ప్రశ్న వేరు: ఈ రంగులో ఏముంది, దాని పరమాణువులు ఏ వరసలో కూర్చున్నాయి? ఆ ప్రశ్నకు జవాబు లేకుండా తర్వాతి ప్రశ్న అడగలేం. ఎందుకో చెప్పడానికి మోదుగ పువ్వే చాలు.

ఒకే లెక్క, రెండు రూపాలు

ఫ్లేవనాయిడ్ ఏదైనా దాని చట్రంలో పదిహేను కర్బన పరమాణువులుంటాయి. చెరో ఆరు పరమాణువులతో రెండు వలయాలు, వాటిని కలుపుతూ మధ్యలో మూడు పరమాణువుల వంతెన. ఆ మూడూ ఒక ఆక్సిజన్‌ను కలుపుకొని మూడో వలయంగా మూసుకుంటే ఒక జాతి, మూసుకోకుండా తెరిచి ఉంటే ఇంకో జాతి. మోదుగ పువ్వులోని బ్యూట్రిన్ మూసుకున్నది, ఐసోబ్యూట్రిన్ తెరిచి ఉన్నది. కర్బనం, ఉదజని, ఆక్సిజన్ లెక్క రెండింటిలోనూ ఒకటే. రెండింటికీ రెండేసి గ్లూకోజులు అతుక్కొని ఉంటాయి. తేడా అంతా ఆ ఒక్క వలయంలోనే.

ఈ తేడా మన ఊళ్లలో కంటికి కనిపించేదే. కాముని పున్నమకు మోదుగ పూలు ఉడకబెట్టి రంగు తీసేవాళ్లు అందులో కొంచెం సున్నం కలుపుతారు. రంగు ఒక్కసారిగా ముదురుతుంది. సున్నం క్షారం కాబట్టి మూసుకున్న వలయం తెరుచుకుంటుంది. రంగులేని పదార్థం నారింజ రంగు పదార్థమవుతుంది. ఆమ్లం కలిపితే మళ్లీ వెనక్కి మళ్లుతుంది. రసాయనశాస్త్రం పుస్తకంలో ఈ మార్పును చదివే విద్యార్థులు పండగ నాడు దాన్ని చేత్తో చేసి చూస్తున్నారన్నమాట.

వాపు ఎలా మొదలవుతుంది

ఇప్పుడు కణాల దగ్గరికి వద్దాం. ముల్లు గుచ్చుకుంటే అక్కడ ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, నొప్పి పుడుతుంది. ఇది శరీరం తనను తాను కాపాడుకునే పద్ధతి. చర్మం కింద, ఊపిరితిత్తుల్లో, పేగు గోడల్లో కాపు కాసే మాస్ట్ కణాలు ముందుగా హిస్టమిన్ విడుదల చేస్తాయి. రక్తనాళాలు వదులై ద్రవం బయటికి వస్తుంది. రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు చేరతాయి, క్రిములను మింగే మాక్రోఫేజ్‌లు చేరతాయి. ఈ కణాలు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి వాడే సంకేత ప్రొటీన్లను సైటోకైన్లు అంటారు. టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8 వాటిలో ముఖ్యమైనవి. ముల్లు తీసేశాక, క్రిములు చచ్చాక ఈ హడావుడి అణగాలి. అణగకుండా ఏళ్ల తరబడి సాగితే కీళ్లవాతం, ఉబ్బసం, సోరియాసిస్, రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం వంటి జబ్బులకు దారి తీస్తుంది.

ఈ సైటోకైన్ల తయారీకి కణంలో ఆజ్ఞ ఇచ్చే ప్రొటీన్లలో ప్రధానమైనది ఎన్ఎఫ్-కప్పా-బి. దీన్ని 1986లో అమెరికాలో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ కనిపెట్టారు. మామూలు సమయంలో ఇది గుంజకు కట్టేసిన ఎద్దులా కదలకుండా ఉంటుంది. కట్టి ఉంచేది ఐ-కప్పా-బి అనే మరో ప్రొటీన్. ప్రమాద సంకేతం అందగానే ఐకేకే అనే ఎంజైము ఐ-కప్పా-బి మీద ఫాస్ఫేటు ముద్ర వేస్తుంది. ముద్ర పడిన ప్రొటీన్‌ను కణమే ధ్వంసం చేస్తుంది. విడుదలైన ఎన్ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి పోయి, వాపు జన్యువులను మేల్కొలుపుతుంది. కాబట్టి వాపును అణచాలనుకునేవారు ముందుగా చూసే చోటు ఈ ఐకేకే.

2010లో పరిశోధకుడు తారిక్ హఖ్ఖీ బృందం మోదుగ పూలలోంచి తీసిన బ్యూట్రిన్, ఐసోబ్యూట్రిన్‌లను, బ్యూటీన్ అనే మరో పదార్థాన్ని మానవ మాస్ట్ కణాల మీద పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. కణాలను రసాయనాలతో రెచ్చగొట్టి, ఈ పదార్థాలు కలిపి చూశారు. మూడూ టీఎన్ఎఫ్-ఆల్ఫాను, ఇంటర్‌ల్యూకిన్ 6, 8లను తగ్గించాయి. అయితే మూడింటి బలం ఒకటి కాదు. ఐ-కప్పా-బి ధ్వంసం కాకుండా ఆపడంలో ఐసోబ్యూట్రిన్ అన్నింటికన్నా గట్టిది, ఐకేకే ఎంజైము పనిని నేరుగా అడ్డుకునేదీ అదే. మూసుకున్న వలయం ఉన్న బ్యూట్రిన్ దానికన్నా వెనకబడింది.

పువ్వు ఒకటే, పరమాణువుల లెక్క ఒకటే. ఒక వలయం తెరిచి ఉండటం వల్ల కణంలో ఫలితం మారింది. మోదుగ వాపును తగ్గిస్తుందా అని మాత్రమే అడిగితే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు. మోదుగలోని ఏ పదార్థం, ఏ రూపంలో, ఏ కణంలో, ఏ ఎంజైము మీద అని అడిగితేనే తెలుస్తుంది. అలా అడగగలిగే స్థితికి మనల్ని తెచ్చింది వాల్తేరు, ఢిల్లీ ప్రయోగశాలల్లో ఏడెనిమిది దశాబ్దాల కిందట జరిగిన పని.

తొందరపాటు, నిదానం

ఫ్లేవనాయిడ్లను ఔషధాలుగా చూడటం కొత్తేమీ కాదు. 1936లో హంగరీ శాస్త్రవేత్తలు రుస్న్యాక్, సెంట్ గ్యోర్గ్యి నిమ్మకాయల్లోంచి, మిరపకాయల్లోంచి తీసిన ఫ్లేవనాయిడ్లు సన్నని రక్తనాళాల గోడలను బలపరుస్తాయని గమనించారు. వాటికి విటమిన్-పి అని పేరు పెట్టారు. సెంట్ గ్యోర్గ్యికి మరుసటి ఏడాదే నోబెల్ వచ్చింది. అంతటివారు పెట్టిన పేరు కూడా నిలవలేదు. ఈ పదార్థాలు లోపిస్తే ఫలానా జబ్బు వస్తుందని ఎవరూ చూపలేకపోవడంతో 1950లో ఆ పేరును వదిలేశారు.

నిదానంగా నడిచిన దారి ఇంకోటి ఉంది. 1977లో ఫ్యూట్రెల్, గాంపర్ట్స్ ఎలుకల మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్ విడుదల కాకుండా ఫ్లేవోన్లు అనే ఫ్లేవనాయిడ్లలో కొన్ని ఆపుతాయని చూపారు. అప్పటికే ఫ్లేవోన్ల దగ్గరి బంధువైన ఒక మందు ఉబ్బసం రోగులకు అందుతోంది. దాని పేరు సోడియం క్రోమోగ్లైకేట్. మధ్యధరా ప్రాంతపు ఒక మొక్క గింజల్లోని ఖెల్లిన్ దీనికి ఆధారం. రోజర్ అల్తున్యాన్ అనే బ్రిటిష్ వైద్యుడికి స్వయంగా ఉబ్బసం ఉండేది. తన ఊపిరిని బిగబట్టించే పదార్థాన్ని తానే పీల్చి, కొత్త మందులను తన మీదే ప్రయోగించుకొని, ఏళ్ల తరబడి శ్రమించి దీన్ని తేల్చాడు. అది మొక్కలో ఉన్నట్టే సీసాలోకి రాలేదు. మొక్క చూపిన నిర్మాణాన్ని మనుషులు మార్చి, పరీక్షించి, మళ్లీ మార్చి మందుగా చేశారు.

ఉల్లిగడ్డలో దండిగా ఉండే క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్ కథా ఇలాంటిదే. కణంలో సంకేతాలు మోసే పీఐ3-కైనేజ్ అనే ఎంజైమును క్వెర్సెటిన్ అడ్డుకుంటుంది. కానీ అది ఒక్క దాన్నే పట్టుకోదు, ఇంకా చాలా ఎంజైములను పట్టుకుంటుంది. దాని నిర్మాణాన్ని నమూనాగా తీసుకొని 1994లో ఎలై లిల్లీ కంపెనీ పరిశోధకులు ఎల్‌వై294002 అనే పదార్థాన్ని తయారుచేశారు. క్వెర్సెటిన్ కన్నా గురి ఎక్కువున్న ఆ పదార్థం ఈ ఎంజైమును అధ్యయనం చేసే ప్రయోగశాలలన్నింటికీ పనిముట్టయింది.

గాజుపళ్లెం నుంచి ఒంటి దాకా

సభలోని యువ మిత్రులు గట్టిగా పట్టుకోవలసిన మాట ఇక్కడ ఉంది. గాజుపళ్లెంలో కణం మీద పదార్థాన్ని నేరుగా పోస్తాం. నోటితో తిన్నది అలా చేరదు. పేగు దాటాలి, కాలేయం దాటాలి. 1995లో నెదర్లాండ్స్‌కు చెందిన హోల్‌మన్ బృందం తొమ్మిది మంది మీద ఈ సంగతి పరీక్షించింది. ఉల్లిగడ్డలోని క్వెర్సెటిన్‌లో 52 శాతం ఒంటబట్టింది. చక్కెర ఏదీ అతకని శుద్ధ క్వెర్సెటిన్‌లో 24 శాతమే. వేరే రకం చక్కెర అతికిన రూటిన్‌లో 17 శాతం. ఇక్కడ కూడా నిర్మాణానిదే మాట.

ఒంటబట్టిన భాగమూ ఉన్న రూపంలో ఉండదు. పేగు గోడా కాలేయమూ దానికి గ్లూక్యురోనిక్ ఆమ్లం, సల్ఫేటు తగిలించి బయటికి పంపే ఏర్పాటు చేస్తాయి. గాజుపళ్లెం ప్రయోగాల్లో వాడే మోతాదు సాధారణంగా పది నుంచి వంద మైక్రోమోలార్ దాకా ఉంటుంది. భోజనం తర్వాత రక్తంలో మార్పు లేకుండా కనిపించే ఫ్లేవనాయిడ్ ఒక మైక్రోమోలార్ దాటడం అరుదు. అయితే కథ అంతటితో అయిపోలేదు. 2008లో జపాన్ పరిశోధకులు, కొవ్వు పేరుకున్న మానవ ధమనుల్లోని మాక్రోఫేజ్‌లలో క్వెర్సెటిన్ గ్లూక్యురోనైడ్‌ను చూశారు. వాపు ఉన్నచోట మాక్రోఫేజ్‌లు ఆ తగిలింపును తొలగించి క్వెర్సెటిన్‌ను మళ్లీ విడిపించగలవని ప్రయోగాలు సూచిస్తున్నాయి. అంటే అవసరమున్న చోటే కొంత పదార్థం తిరిగి పనిలోకి దిగే వీలుంది. ఆసక్తికరమైన ఆధారమే, కానీ జబ్బు నయమైందనడానికి రుజువు అది కాదు.

మనుషుల్లో రుజువు ఎంతుంది? 1993లో నెదర్లాండ్స్‌లోని జుట్‌ఫెన్ పట్టణంలో 805 మంది వృద్ధుల మీద చేసిన అధ్యయనం వెలువడింది. ఫ్లేవనాయిడ్లు ఎక్కువ తిన్నవారిలో గుండెజబ్బు మరణాలు తక్కువని తేలింది. వారికవి ఎక్కడి నుంచి వచ్చాయి? ఎక్కువ భాగం టీ నుంచి, తర్వాత ఉల్లిగడ్డల నుంచి, ఆపిల్ పళ్ల నుంచి. అయితే ఇలాంటి అధ్యయనం కలిసి ఉన్న రెండు సంగతులను చూపగలదు గానీ ఒకదానివల్ల ఇంకొకటి జరిగిందని తేల్చలేదు. అందుకు చీటీలు తీసినట్టుగా జనాన్ని రెండు గుంపులుగా విడదీసి చూడాలి. అమెరికాలో 21,442 మందితో అలాంటి పరీక్షే జరిగింది. ఒక గుంపుకు రోజుకు 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ అనే కోకో ఫ్లేవనాయిడ్లు ఇచ్చారు. 2022లో వెలువడిన ఫలితం ప్రకారం మొత్తం గుండె, రక్తనాళాల జబ్బుల్లో నమ్మదగినంత తగ్గుదల లేదు. గుండెజబ్బు మరణాలు మాత్రం 27 శాతం తగ్గాయి. కానీ అది పరీక్షలో ప్రధాన ప్రశ్న కాదు కాబట్టి మరోసారి రుజువు కావాలి.

మొక్కదే కదా, హాని ఏముంటుంది అనేవారికి ఒక చరిత్ర చెప్పాలి. కాటెచిన్ అనే ఫ్లేవనాయిడ్‌ను సియానిడనాల్ పేరుతో యూరప్‌లో కాలేయ జబ్బులకు మందుగా ఇచ్చేవారు. కొందరిలో రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోయి సొంత ఎర్ర రక్తకణాలనే నాశనం చేసింది. మరణాలు సంభవించాయి. 1985లో దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. రోగనిరోధక కణాలను చల్లారుస్తాయని మనం ఆశపడే పదార్థాల జాతిలోనే వాటిని రెచ్చగొట్టే మందూ ఉందని మరవకూడదు.

పరీక్షలకు నిలిచి మందుల షాపుకు చేరిన ఫ్లేవనాయిడ్లూ ఉన్నాయి. డయోస్మిన్, హెస్పెరిడిన్ కలిపిన మాత్రలను మొలలకు, కాళ్లలో సిరలు ఉబ్బడానికి వైద్యులు రాస్తున్నారు. హెస్పెరిడిన్ మన నల్గొండ బత్తాయి తొక్కలో, తొనల మీది తెల్లని పొరలో ఉండేదే.

మందుగా నిలబడటానికి ఎంత కాలం పడుతుందో తెలియాలంటే భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి మందును చూడాలి. లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పదార్థాలను 1940లలో తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్ 1948లో పిల్లల్లో రక్త క్యాన్సర్‌కు పనికొచ్చింది, 1951లో కీళ్లవాతం రోగుల్లో ఆశ చూపింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌కు వారానికి ఒక్కసారి, తక్కువ మోతాదులో కీళ్లవాతానికి వాడేందుకు అమెరికాలో అనుమతి వచ్చింది 1988లో. అందరూ నమ్మిన మందుకే అంత కాలం పట్టింది. మోదుగ పువ్వు కషాయం నెల రోజుల్లో కీళ్లవాతం పోగొడుతుందని చెప్పేవాడికి మనం ఇవ్వవలసిన జవాబు ఇందులోనే ఉంది.

మన ఊళ్లో చేయదగినవి

ఈ ఊరి పేరు చెబితే జనానికి మామిడి గుర్తొస్తుంది. మామిడి తొక్కలో క్వెర్సెటిన్ గ్లైకోసైడ్లు, అంటే చక్కెర అతికిన క్వెర్సెటిన్ రూపాలు ఉన్నాయి. ఆకులో, బెరడులో, తొక్కలో మాంగిఫెరిన్ ఉంది. అది కచ్చితంగా చెప్పాలంటే ఫ్లేవనాయిడ్ కాదు, జాంథోన్. అయినా దానికి దగ్గరి చుట్టమే, మాక్రోఫేజ్‌ల మీద దాని పని గురించి ఎన్నో ప్రయోగాలు జరిగాయి. రసం తీశాక పారేసే తొక్కలో, కొమ్మలు కత్తిరించాక కాల్చేసే ఆకులో ఏ రకానికి ఎంతుంది, ఏ నెలలో ఎంతుంది అని కొలవడం డిగ్రీ కళాశాల ప్రయోగశాలలో మొదలుపెట్టగలిగిన పనే. కాగితం మీద క్రొమటోగ్రఫీ చాలు. శేషాద్రి తరం వారి చేతిలో ఉన్న పరికరాలు అంతకంటే గొప్పవేమీ కావు.

రెండో సంగతి చెంచులది. మోదుగ జిగురును, ఆకును, పువ్వును నల్లమలలో తరతరాలుగా ఎరిగినవారు వాళ్లు. వాళ్ల దగ్గర విన్న సమాచారంతో ఎవరైనా మందు చేస్తే అందులో వాళ్లకు వాటా రావాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉద్దేశమూ అదే. కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్కతో 1990లలో జీవని అనే మందు తయారైంది. లైసెన్స్ రుసుములో, రాయల్టీలో సగం వారి ట్రస్టుకు ఇచ్చేలా అక్కడి పరిశోధన సంస్థ ఒప్పందం చేసుకుంది. అదే పద్ధతి ఇక్కడా ఉండాలి.

చివరగా మీకు నా విన్నపం. ఉల్లిగడ్డ తినండి, పుంటికూర తినండి, కాలం వస్తే మామిడి తినండి, బత్తాయిని తెల్లపొరతో సహా తినండి. ఇవి ఆహారం, వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ అదే పదార్థాన్ని డబ్బాలో పెట్టి వాపు తగ్గిస్తుందని అమ్మితే నాలుగు ప్రశ్నలు అడగండి: ఏ పదార్థం, ఎంత మోతాదు, ఎంతమంది మనుషుల మీద పరీక్షించారు, హాని ఏమిటి? కీళ్లవాతానికి, ఉబ్బసానికి వైద్యుడు రాసిన మందును ఏ కషాయం కోసమూ సొంతంగా ఆపకండి. విద్యార్థులకు ఇంకొక్క మాట: వచ్చే ఫాల్గుణంలో మోదుగ పూలు తెచ్చి, సున్నంతో రంగు తెప్పించి, నిమ్మరసంతో దాన్ని వెనక్కి మళ్లించి, ఎందుకలా అవుతోందో నోటుబుక్కులో రాయండి. శేషాద్రి గారికి మనం చెల్లించగల నివాళి ఆ పనే.